కంటైనర్ల పనితీరు కొలవడం, కెర్నెల్ నేమ్‌స్పేస్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

కంటైనర్ల (మిగతావాటి నుంచి వేరుచేసి నడిపే ప్రోగ్రామ్‌ల) పనితీరు కొలవడం మొదలుపెట్టిన ప్రతి ఒక్కరికీ దాదాపు ఇవే సందేహాలు వస్తుంటాయి. లోపల ఒక అంకె, బయట ఒక అంకె కనిపిస్తే ఏది నమ్మాలన్నది వాటిలో మొదటిది. అందుకే అన్నీ ఒకచోట చేర్చాం. ఇక్కడ చెప్పేదంతా లినక్స్ గురించే. సీగ్రూప్ (ప్రాసెస్‌ల గుంపు ఎంత వాడిందో లెక్కించి హద్దు పెట్టే ఏర్పాటు) ఫైళ్ల పేర్లు, వేరుగా చెప్పకపోతే, రెండో వెర్షన్‌వి. ఏ ప్రశ్న కావాలంటే నేరుగా దానికే వెళ్లి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

కంటైనర్ పనితీరు చూడటానికి నేమ్‌స్పేస్‌ల గొడవ నాకెందుకు?

కెర్నెల్‌కు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగానికి, కంటైనర్ అంటే ఏమిటో తెలియదు కాబట్టి. దానికి తెలిసినవి ప్రాసెస్‌లు, వాటికి తగిలించిన నేమ్‌స్పేస్‌లు (ప్రాసెస్‌కు ఏం కనబడాలో తేల్చే తెరలు), సీగ్రూప్‌లు. వీటన్నిటినీ కలిపి డాకర్, పాడ్‌మ్యాన్, కంటైనర్‌డీ లాంటివి మనకు ఒక కంటైనర్‌గా చూపిస్తాయి. అందువల్ల "ఈ కంటైనర్ ఎంత సీపీయూ తింది?" అని కెర్నెల్‌ను సూటిగా అడగలేం. ఫలానా సీగ్రూప్‌లోని ప్రాసెస్‌లు ఎంత తిన్నాయి, ఫలానా నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లోని ఇంటర్‌ఫేస్ మీదుగా ఎన్ని బైట్లు పోయాయి అనే అడగాలి. మానిటరింగ్ టూల్ మన తరఫున చేసేది అదే. అంకెలు తేడాగా ఉన్నాయంటే చాలాసార్లు ఈ జత కలపడంలోనే ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుంది.

నేమ్‌స్పేస్, సీగ్రూప్ రెండూ ఒకటే కదా?

కాదు. ప్రాసెస్‌కు ఏమేం కనబడాలో నేమ్‌స్పేస్ తేలుస్తుంది. ఎంత వాడుకోవచ్చో, ఎంత వాడిందో సీగ్రూప్ చూసుకుంటుంది. ఈ రెండూ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు అవసరాల కోసం వచ్చాయి. మౌంట్ నేమ్‌స్పేస్ 2002లోనే 2.4.19 కెర్నెల్‌లో చేరింది. సీగ్రూప్‌లేమో గూగుల్ ఇంజనీర్లు 2006లో మొదలుపెట్టిన పని. 2008 జనవరిలో 2.6.24తో పాటు బయటికొచ్చాయి. కొలతల విషయానికొస్తే సీపీయూ, మెమరీ, డిస్క్ లెక్కలు సీగ్రూప్‌లో ఉంటాయి, నెట్‌వర్క్ లెక్కలు నేమ్‌స్పేస్‌లో ఉంటాయి. ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం తికమక పోతుంది.

మొత్తం ఎన్ని నేమ్‌స్పేస్‌లున్నాయి? అన్నీ పట్టించుకోవాలా?

ఎనిమిది: మౌంట్ (ఫైల్‌సిస్టమ్), యూటీఎస్ (మెషీన్ పేరు), ఐపీసీ (ప్రాసెస్‌ల మధ్య సంభాషణ), పీఐడీ (ప్రాసెస్ నంబర్లు), నెట్‌వర్క్, యూజర్, సీగ్రూప్, టైమ్. పనితీరు చూసేవాళ్లకు రోజూ తగిలేవి పీఐడీ, నెట్‌వర్క్, మౌంట్, సీగ్రూప్. యూజర్ నేమ్‌స్పేస్ అనుమతుల దగ్గర అడ్డం పడుతుంది. 2020లో 5.6 కెర్నెల్‌తో వచ్చిన టైమ్ నేమ్‌స్పేస్ పేరు చూసి లాగ్‌లలో సమయాలు మారిపోతాయేమోనని కొందరు టెన్షన్ పడతారు. అది మోనోటానిక్, బూట్‌టైమ్ గడియారాలనే (గడిచిన కాలాన్ని లెక్కించేవి) జరుపుతుంది, అసలు తేదీ, సమయం జోలికి పోదు.

ఏజెంట్‌ను (కొలతలు సేకరించే ప్రోగ్రామ్‌ను) ప్రతి కంటైనర్‌లో పెట్టాలా, హోస్ట్ (కంటైనర్లు నడిచే మెషీన్) మీద ఒకటి చాలా?

హోస్ట్ మీద ఒకటి చాలు. పీఐడీ నేమ్‌స్పేస్‌లు అంచెలంచెలుగా ఉంటాయి: పై అంచెలో ఉన్న ప్రాసెస్‌కు కింద ఉన్నవన్నీ కనిపిస్తాయి, కింద ఉన్నదానికి పైవి కనబడవు. కాబట్టి లోపలి నుంచి బయటికి చూడటం కంటే బయటి నుంచి లోపలికి చూడటమే సులువు. రిక్వెస్టుకు ఎంత సమయం పట్టింది, గార్బేజ్ కలెక్షన్ (వాడని మెమరీ ఏరివేత) ఎంతసేపు ఆపింది లాంటివి మాత్రం అప్లికేషనే చెప్పాలి.

ఏజెంట్‌ను కూడా కంటైనర్‌గా నడపాలనుకుంటే దానికి హోస్ట్ పీఐడీ నేమ్‌స్పేస్, హోస్ట్ నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ ఇచ్చి, హోస్ట్ రూట్ ఫైల్‌సిస్టమ్‌ను చదవడానికి మాత్రమే మౌంట్ చేయాలి. ఇందులో నెట్‌వర్క్‌ను మరిచిపోవడం చాలా మామూలు. హోస్ట్ ప్రోక్ డైరెక్టరీని (కెర్నెల్ తన అంకెలను ఫైళ్లుగా చూపించే చోటు) మౌంట్ చేశాం కదా అనుకుంటారు. కానీ అందులోని "నెట్" అనేది "సెల్ఫ్/నెట్"కు లింకు మాత్రమే. అంటే చదివే ప్రాసెస్ ఏ నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లో ఉంటే దాని అంకెలే వస్తాయి. ఏజెంట్ తన సొంత ట్రాఫిక్‌ను సర్వర్ ట్రాఫిక్ అని చూపిస్తూ కూర్చుంటుంది, ఎర్రర్ ఏమీ రాదు.

## కంటైనర్‌ను గుర్తుపట్టేటప్పుడు

హోస్ట్‌లో ఒక పీఐడీ, కంటైనర్ లోపల ఇంకో పీఐడీ. ఏది అసలుది?

రెండూ అసలువే. ఒక ప్రాసెస్‌కు అది కనిపించే ప్రతి పీఐడీ నేమ్‌స్పేస్‌లోనూ ఒక నంబర్ ఉంటుంది. హోస్ట్‌లో 48213 అనే ప్రాసెస్ ఉందనుకోండి. /ప్రోక్/48213/స్టేటస్ ఫైల్ తెరిస్తే అందులో "ఎన్ఎస్‌పిడ్" అనే లైన్ ఉంటుంది:

ఎన్ఎస్‌పిడ్: 48213 1

ఎడమవైపుది హోస్ట్ నంబర్, కుడివైపు చివరిది కంటైనర్ లోపలి నంబర్. మూడు నంబర్లు కనిపిస్తే కంటైనర్ లోపల మరో కంటైనర్ నడుస్తోందన్నమాట. ఈ లైన్ 4.1 కెర్నెల్ నుంచి ఉంది.

దీని అవసరం ఎక్కువగా తెలిసొచ్చేది మెమరీ చాలక కెర్నెల్ ఏదైనా ప్రాసెస్‌ను చంపినప్పుడు. కెర్నెల్ లాగ్‌లో పడేది హోస్ట్ నంబర్. అప్లికేషన్ తన లాగ్‌లో రాసుకునేది లోపలి నంబర్. ఒకదాంట్లో చూసిన నంబర్‌ను రెండోదాంట్లో వెతికితే ఎంతకీ దొరకదు.

ఈ ప్రాసెస్ ఏ కంటైనర్‌దో ఎలా తెలుస్తుంది?

హోస్ట్ నుంచి /ప్రోక్/48213/సీగ్రూప్ ఫైల్ చదవండి. అందులోని దారిలో కంటైనర్ ఐడీ ఉంటుంది. సిస్టమ్‌డీ (సర్వీసులను నడిపే ప్రోగ్రామ్) ఉన్న మెషీన్‌లో డాకర్ అయితే "సిస్టమ్.స్లైస్" కింద "డాకర్-" తర్వాత 64 అక్షరాల ఐడీ, చివర ".స్కోప్" అని కనిపిస్తుంది. ఇదే ఫైల్‌ను కంటైనర్ లోపలి నుంచి చదివితే సాధారణంగా "0::/" అని మాత్రమే వస్తుంది, ఎందుకంటే సీగ్రూప్ నేమ్‌స్పేస్ పైదారిని దాచేస్తుంది.

/ప్రోక్/48213/ఎన్ఎస్ డైరెక్టరీలో ప్రతి నేమ్‌స్పేస్‌కూ ఒక ఐనోడ్ (కెర్నెల్ ఇచ్చే గుర్తింపు) నంబర్ దొరుకుతుంది. ఒకే నంబర్ ఉన్న ప్రాసెస్‌లు ఒకే నేమ్‌స్పేస్‌లో ఉన్నట్టు. పీఐడీ నేమ్‌స్పేస్ దగ్గర 4026531836 కనిపిస్తే అది హోస్ట్‌దే. ఎల్ఎస్ఎన్ఎస్ కమాండ్ వీటినే పట్టికగా చూపిస్తుంది. అప్పటికప్పుడు పోల్చుకోవడానికి ఇది చక్కగా పనికొస్తుంది కానీ, మెట్రిక్స్‌లో లేబుల్‌గా మాత్రం పెట్టొద్దు. నేమ్‌స్పేస్ పోయాక అదే నంబర్ మరోదానికి రావచ్చు. అప్పుడు నిన్నటి కంటైనర్ గ్రాఫ్‌కు ఇవాళ్టి కంటైనర్ అతుక్కుంటుంది.

ఇమేజ్‌లో షెల్ కూడా లేదు. లోపల ఏం జరుగుతోందో చూడటం ఎలా?

ఎన్ఎస్ఎంటర్ (నేమ్‌స్పేస్‌లోకి వెళ్లే కమాండ్) వాడండి, కానీ కావలసిన నేమ్‌స్పేస్‌లోకి మాత్రమే వెళ్లండి. కనెక్షన్లు చూడాలంటే నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ ఒక్కటి చాలు. అలా వెళ్తే హోస్ట్‌లో ఉన్న ఎస్ఎస్, టీసీపీడంప్ లాంటి టూల్స్ కంటైనర్ నెట్‌వర్క్ మీద పనిచేస్తాయి. మౌంట్ నేమ్‌స్పేస్‌లోకి కూడా దూరారంటే ఆ టూల్స్ ఇక కనబడవు. ఫైళ్లు చూడటానికైతే లోపలికి వెళ్లే పనే లేదు: /ప్రోక్/48213/రూట్ కింద కంటైనర్ ఫైల్‌సిస్టమ్ మొత్తం కనిపిస్తుంది.

డాకర్ ఎగ్జెక్‌కూ (నడుస్తున్న కంటైనర్ లోపల కమాండ్ నడిపేది) దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. డాకర్ ఎగ్జెక్‌తో నడిపిన కమాండ్ కంటైనర్ సీగ్రూప్‌లో చేరుతుంది, దాని మెమరీ కంటైనర్ ఖాతాలో పడుతుంది. ఎన్ఎస్ఎంటర్ మామూలుగా సీగ్రూప్ మార్చదు. లిమిట్ అంచున ఊగుతున్న కంటైనర్‌లో బరువైన డీబగ్గర్‌ను ఎగ్జెక్‌తో నడిపితే, పరీక్ష చేయబోయి కంటైనర్‌నే పడగొట్టినట్టవుతుంది.

## అంకెలు చదివేటప్పుడు

కంటైనర్‌కు 2 జీబీ ఇచ్చాను, లోపల ఫ్రీ కొడితే సర్వర్ మెమరీ మొత్తం చూపిస్తోందేంటి?

ఎందుకంటే ప్రోక్‌లోని మెమ్‌ఇన్ఫో, సీపీయూఇన్ఫో, లోడ్‌యావ్‌జీ ఫైళ్లకు నేమ్‌స్పేస్ లేదు. ఎవరు చదివినా మొత్తం మెషీన్ అంకెలే ఇస్తాయి. ఫ్రీ, టాప్ వాటినే చదువుతాయి. లోపలికి సరైన అంకెలే కనబడాలంటే ఎల్‌ఎక్స్‌సీఎఫ్ఎస్ అనే ఫ్యూజ్ (మామూలు ప్రోగ్రామ్‌గా నడిచే) ఫైల్‌సిస్టమ్ ఉంది, అది సీగ్రూప్ చూసి ఆ ఫైళ్లకు మారుఫైళ్లు తయారుచేసి పెడుతుంది. పాత ప్రోగ్రామ్‌లను మార్చలేని పరిస్థితిలో తప్ప దాని జోలికి వెళ్లకపోవడం మేలు. సీగ్రూప్ ఫైల్‌ను నేరుగా చదవడమే తేలిక.

జావా ప్రోగ్రామ్ కంటైనర్ లిమిట్‌ను గుర్తిస్తుందా?

జేడీకే 10 నుంచి గుర్తిస్తుంది. 8 వాడేవాళ్లకు 8యూ191లో ఈ సదుపాయం వచ్చింది. సీగ్రూప్ రెండో వెర్షన్‌ను గుర్తించడం మాత్రం జేడీకే 15లో మొదలైంది. కాబట్టి ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్‌తో రెండో వెర్షన్‌కు మారాక పాత జావా హీప్ (అది వాడే మెమరీ) ఉన్నట్టుండి పెరిగిపోతే ముందు ఈ సంగతే చూడండి.

సీపీయూ 40 శాతం కూడా దాటట్లేదు, అయినా రిక్వెస్టులు ఆగి ఆగి వెళ్తున్నాయి. ఎందుకు?

చాలావరకు థ్రాట్లింగ్ (కోటా అయిపోగానే కెర్నెల్ ఆపేయడం) అయి ఉంటుంది. ఈ ప్రశ్నకు కాస్త వివరంగా జవాబు చెప్పాలి, ఎందుకంటే గ్రాఫ్ చూసి దీన్ని పట్టుకోవడం దాదాపు అసాధ్యం.

సీపీయూ లిమిట్ అంటే కెర్నెల్ కోర్లను పంచి ఇవ్వడం కాదు, సమయాన్ని పంచి ఇవ్వడం. సీపీయూ.మ్యాక్స్ ఫైల్‌లో "200000 100000" అని ఉంటే, ప్రతి 100 మిల్లీసెకన్ల గడువులో ఈ గుంపు మొత్తం కలిపి 200 మిల్లీసెకన్ల సీపీయూ సమయం వాడుకోవచ్చని అర్థం. మనం దీన్నే 2 సీపీయూలు అంటాం. ఇప్పుడు ఆ కంటైనర్ 64 కోర్ల మెషీన్ మీద ఉందనుకోండి. లోపలి రన్‌టైమ్ 64 కోర్లు చూసి 64 థ్రెడ్లు లేపింది. పని ఒక్కసారిగా వచ్చిపడితే అన్నీ ఒకేసారి పరుగెత్తుతాయి. 200ను 64తో భాగిస్తే 3.125. అంటే లెక్క ప్రకారం మూడు మిల్లీసెకన్లు దాటగానే కోటా ఖతం. మిగిలిన దాదాపు 97 మిల్లీసెకన్లు అన్ని థ్రెడ్లూ చేతులు కట్టుకుని నిలబడాలి. ఆ మధ్యలో ఉన్న రిక్వెస్టు ఆలస్యం కాక ఏమవుతుంది?

ప్రతి 10 గడువుల్లో 4 ఇలా అయిపోయి, మిగతా 6 ఖాళీగా గడిచాయనుకుందాం. నిమిషం సగటు తీస్తే లిమిట్‌లో సరిగ్గా 40 శాతం. గ్రాఫ్ అబద్ధం చెప్పలేదు, కానీ పనికొచ్చే నిజం కూడా చెప్పలేదు.

చూడాల్సింది సీపీయూ.స్టాట్ ఫైల్. అందులో ఎన్ఆర్_పీరియడ్స్ అంటే మొత్తం గడువులు, ఎన్ఆర్_థ్రాటిల్డ్ అంటే కోటా అయిపోయి ఆగిన గడువులు. రెండోదాని పెరుగుదలను మొదటిదాని పెరుగుదలతో భాగించి ఆ నిష్పత్తి మీద అలర్ట్ పెట్టండి. థ్రాటిల్డ్_యూసెక్ అనే మూడో అంకె కూడా ఉంటుంది. అది ఒక్కో కోర్ మీద ఆగిన సమయాలన్నీ కలిపిన మొత్తం, కాబట్టి గడియారం కంటే వేగంగా పెరిగినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

పరిష్కారానికి ముందు థ్రెడ్ల సంఖ్యను లిమిట్‌కు తగ్గట్టు దించండి. గో భాషలో అయితే 1.25 నుంచి రన్‌టైమే సీగ్రూప్ లిమిట్ చూసుకుంటుంది. 5.4 కంటే పాత కెర్నెల్ వాడుతుంటే, కోటా మిగిలి ఉన్నా థ్రాటిల్ అయ్యే లోపం ఒకటి ఉండేది. సర్వర్ కెర్నెల్‌లో ఆ సవరణ చేరిందో లేదో చూసుకోండి. 5.14 నుంచి సీపీయూ.మ్యాక్స్.బర్స్ట్ కూడా ఉంది, వాడని కోటాను కొంత దాచుకుని తర్వాత వాడుకోనిస్తుంది.

మెమరీ లిమిట్‌లో 95 శాతానికి చేరింది. ఇక పడిపోతుందా?

ఆ అంకె మెమరీ.కరెంట్ నుంచి వస్తుంటే కంగారు పడక్కర్లేదు. అందులో పేజ్ క్యాష్ (కెర్నెల్ మెమరీలో ఉంచుకునే ఫైళ్ల నకలు) కూడా కలిసి ఉంటుంది. ఫైళ్లు ఎక్కువగా చదివే కంటైనర్‌లో ఇది లిమిట్ దాకా నిండటం మామూలే, అవసరమైనప్పుడు కెర్నెల్ ఖాళీ చేస్తుంది. మెమరీ.స్టాట్‌లో "యానాన్" (ఫైళ్లతో సంబంధం లేని, ప్రోగ్రామ్ సొంత మెమరీ) ఎంతుందో చూడండి, అసలు బరువు అది. కుబర్నెటీస్ (కంటైనర్లను ఎన్నో మెషీన్ల మీద నడిపే వ్యవస్థ) చెప్పే వర్కింగ్ సెట్ అంటే మొత్తంలోంచి ఇన్‌యాక్టివ్_ఫైల్ (ఈమధ్య వాడని పేజ్ క్యాష్) తీసేసిన అంకె.

ఒక మినహాయింపు: టీఎంపీఎఫ్ఎస్‌లో (మెమరీలోనే ఉండే ఫైల్‌సిస్టమ్) రాసిన ఫైళ్లు "ఫైల్" లెక్కలోనే కనిపిస్తాయి కానీ, స్వాప్ లేనప్పుడు వాటిని ఖాళీ చేయడం కుదరదు. వాటిని చూపే "షెమెమ్" అంకె పెద్దగా ఉంటే మాత్రం నిజంగానే కంగారు పడాలి. ప్రాసెస్‌లు చనిపోయాయా లేదా అన్నది మెమరీ.ఈవెంట్స్‌లోని ఓఓఎం_కిల్ (మెమరీ చాలక చంపినవాటి లెక్క) చెబుతుంది.

లోడ్ యావరేజ్ కంటైనర్‌వారీగా వస్తుందా?

రాదు. అది నడుస్తున్న, వంతు కోసం చూస్తున్న ప్రాసెస్‌ల సగటు, మెషీన్ మొత్తానిది, పైగా డిస్క్ కోసం నిద్రపోతున్న ప్రాసెస్‌లను కూడా కలుపుకుంటుంది. దాని బదులు ప్రెజర్ ఫైళ్లు చూడండి: సీపీయూ.ప్రెజర్, మెమరీ.ప్రెజర్, ఐఓ.ప్రెజర్. 2018 డిసెంబరులో 4.20 కెర్నెల్‌తో వచ్చిన ఇవి ప్రతి సీగ్రూప్‌కూ ఉంటాయి. "సమ్" అన్న లైన్‌లో యావ్‌జీ10 విలువ 12.00 అని ఉంటే, గత 10 సెకన్లలో 12 శాతం సమయం కనీసం ఒక థ్రెడ్ అయినా ఆ వనరు కోసం ఎదురుచూస్తూ ఉందని అర్థం. "ఫుల్" అంటే ఒక్కటి కూడా ముందుకు కదల్లేదని. ఒకే ఒక్క అంకె మీద అలర్ట్ పెట్టమంటే నేను మెమరీ.ప్రెజర్‌లోని ఫుల్ మీద పెడతాను. ఫైళ్లు కనిపించకపోతే బూట్ పారామీటర్లలో పీఎస్ఐ=1 ఇవ్వాల్సి రావచ్చు.

నెట్‌వర్క్ ట్రాఫిక్ ఎక్కడ చూడాలి? హోస్ట్‌లో చూస్తే రిసీవ్, ట్రాన్స్‌మిట్ తలకిందులుగా ఉన్నాయి.

హోస్ట్ నుంచే /ప్రోక్/48213/నెట్/డెవ్ చదవండి, ఆ ప్రాసెస్ ఉన్న నేమ్‌స్పేస్ అంకెలు వస్తాయి. తలకిందులుగా కనిపించడానికి కారణం వీఈటీహెచ్ జత: ఒక కొస కంటైనర్‌లో, రెండో కొస హోస్ట్‌లో. లోపలి నుంచి పంపింది బయటి కొసకు అందినట్టు నమోదవుతుంది. మీరు చూస్తున్నది హోస్ట్ కొస, అంతే.

కుబర్నెటీస్ పాడ్‌లోని (కలిసి నడిచే కంటైనర్ల గుంపు) కంటైనర్లన్నీ ఒకే నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌ను పంచుకుంటాయి. అందుకే అక్కడ ట్రాఫిక్ పాడ్‌వారీగానే దొరుకుతుంది. హోస్ట్ నెట్‌వర్క్‌తో నడిచే పాడ్‌కైతే అదీ దొరకదు, సాకెట్ల స్థాయిలో ఈబీపీఎఫ్‌తో (కెర్నెల్ లోపల చిన్న ప్రోగ్రామ్‌లు నడిపే సదుపాయం) లెక్కపెట్టుకోవాల్సిందే.

డిస్క్‌కు బాగా రాస్తున్న కంటైనర్ కూడా దాదాపు సున్నా చూపిస్తోందే?

సీగ్రూప్ మొదటి వెర్షన్ అయి ఉంటుంది. అందులో బఫర్ (ముందుగా మెమరీ) మీదుగా రాసినవి రాసినవాడి ఖాతాలో పడవు. రెండో వెర్షన్‌లో ఐఓ.స్టాట్ సరిగ్గా చూపిస్తుంది, ఎక్స్‌టీ4, బీటీఆర్‌ఎఫ్ఎస్ లాంటి, దీనికి వీలున్న ఫైల్‌సిస్టమ్ అయితే.

## లోతుగా వెతికేటప్పుడు

కంటైనర్ లోపల పర్ఫ్ (సమయం ఎక్కడ పోతోందో కొలిచే లినక్స్ టూల్) నడిపితే పర్మిషన్ లేదంటోంది.

డాకర్ డిఫాల్ట్ సెక్‌కాంప్ (సిస్టమ్ కాల్స్‌ను వడకట్టే) ప్రొఫైల్ పర్ఫ్‌కు కావలసిన సిస్టమ్ కాల్‌ను ఆపేస్తుంది. దానికితోడు పర్ఫ్‌ను ఎంత కట్టడి చేయాలో చెప్పే పర్ఫ్_ఈవెంట్_పారనాయిడ్ విలువ కెర్నెల్ డిఫాల్ట్‌గా 2, కొన్ని డిస్ట్రిబ్యూషన్లు ఇంకా బిగిస్తాయి. 5.8 కెర్నెల్ నుంచి క్యాప్_పర్ఫ్‌మాన్ అనే ప్రత్యేక అనుమతి ఉంది, అది ఇవ్వొచ్చు. యూజర్ నేమ్‌స్పేస్ లోపల రూట్‌గా ఉన్నంత మాత్రాన ఇది దక్కదు, ఎందుకంటే కెర్నెల్ దాన్ని హోస్ట్ యూజర్ నేమ్‌స్పేస్‌లో తనిఖీ చేస్తుంది. ప్రివిలేజ్డ్ (అన్ని అనుమతులూ ఇచ్చే ఆప్షన్) పెట్టేస్తే పనైపోతుంది కదా అనేవాళ్లుంటారు. పర్ఫ్ కోసం తలుపులన్నీ తెరిచేయడం కంటే హోస్ట్ నుంచి నడపడమే నయం.

హోస్ట్ మీద పర్ఫ్ రికార్డ్ చేశాను, ఏ శాంపిల్ ఏ కంటైనర్‌దో ఎలా విడదీయాలి?

రికార్డ్ చేసేటప్పుడు నేమ్‌స్పేసెస్ ఆప్షన్ ఇచ్చి, రిపోర్ట్‌లో సీగ్రూప్_ఐడీ మీద సార్ట్ చేయండి. 2017లో 4.12 కెర్నెల్‌తో వచ్చిన సదుపాయం ఇది. అయితే అది చూపించే ఐడీ సీగ్రూప్ నేమ్‌స్పేస్ ఐనోడ్. సీగ్రూప్ మొదటి వెర్షన్ మీద డాకర్ కంటైనర్‌కు విడిగా సీగ్రూప్ నేమ్‌స్పేస్ ఇవ్వదు కాబట్టి అక్కడ అన్నీ ఒకే ముద్దగా కనిపిస్తాయి. అలాంటి చోట సీగ్రూప్ పేరు ఇచ్చి ఆ గుంపును మాత్రమే రికార్డ్ చేయడం మేలు.

ఫ్లేమ్ గ్రాఫ్‌లో (ఏ ఫంక్షన్ ఎంత సమయం తిందో చూపే బొమ్మ) ఫంక్షన్ పేర్లు రాకుండా అడ్రస్‌లే వస్తున్నాయి.

బైనరీ కంటైనర్ మౌంట్ నేమ్‌స్పేస్‌లో ఉంది, పర్ఫ్ హోస్ట్‌లో వెతుకుతోంది. జావా, నోడ్ లాంటివాటికి ఇంకో చిక్కు: పేర్ల పట్టికను టీఎంపీ డైరెక్టరీలో లోపలి పీఐడీ పేరుతో రాస్తాయి. కొత్త పర్ఫ్ వెర్షన్లు తామే ఆ నేమ్‌స్పేస్‌లోకి వెళ్లి లోపలి నంబర్‌తో వెతుకుతాయి, కానీ అప్పటికి ప్రాసెస్ బతికి ఉండాలి. కంటైనర్ పోకముందే రిపోర్ట్ తీసుకోండి.

ఈబీపీఎఫ్ ప్రోగ్రామ్‌కు అందుతున్న పీఐడీ కంటైనర్ లాగ్‌తో కలవట్లేదు.

మామూలు హెల్పర్ (ఈబీపీఎఫ్ ప్రోగ్రామ్ పిలిచే కెర్నెల్ ఫంక్షన్) ఇచ్చేది హోస్ట్ నంబర్. లోపలి నంబర్ ఇచ్చే హెల్పర్ 5.7లో వచ్చింది. కానీ కంటైనర్‌వారీగా పోగేయడమే మీ ఉద్దేశమైతే పీఐడీని వదిలేసి సీగ్రూప్ ఐడీ తీసుకోండి. 4.18 నుంచి దానికి హెల్పర్ ఉంది, రెండో వెర్షన్‌లో ఆ ఐడీ సీగ్రూప్ డైరెక్టరీ ఐనోడ్ నంబరే.

## రోజూ నడుపుతుండగా

కంటైనర్ రీస్టార్ట్ అవ్వగానే పాత అంకెలు మాయమవుతున్నాయి. చావడానికి కారణం ఎలా తెలుస్తుంది?

సీగ్రూప్‌తో పాటే దాని కౌంటర్లూ పోతాయి. అయితే మెమరీ.ఈవెంట్స్ కింది అంచెల్లో జరిగినవాటిని పై అంచెలోనూ లెక్కిస్తుంది. కుబర్నెటీస్‌లో కంటైనర్ పోయినా పాడ్ సీగ్రూప్ ఉంటుంది కనుక ఓఓఎం_కిల్‌ను అక్కడ చదవండి.

కంటైనర్లు తీసేసినా నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లు మిగిలిపోతున్నాయి.

ఎవరో పట్టుకుని ఉన్నారు. నేమ్‌స్పేస్ ఫైల్‌ను తెరిచి మూయకపోయినా, ఎక్కడైనా బైండ్ మౌంట్ చేసి వదిలేసినా కెర్నెల్ దాన్ని తీసేయదు. మొదట అనుమానించాల్సింది మానిటరింగ్ ఏజెంట్‌నే. /ప్రోక్ కింద దాని ఎఫ్‌డీ (తెరిచి ఉన్న ఫైళ్ల) డైరెక్టరీలో "నెట్:" అని మొదలయ్యే లింకులు రోజురోజుకూ పెరుగుతుంటే దొంగ దొరికినట్టే.

గోలో సొంత ఏజెంట్ రాస్తున్నాను. ఒక కంటైనర్ ట్రాఫిక్ ఇంకో కంటైనర్ పేరు మీద వస్తోంది.

నేమ్‌స్పేస్ మార్చే సెట్ఎన్ఎస్ కాల్ ఒక్క థ్రెడ్‌కే వర్తిస్తుంది. గో రన్‌టైమ్ మీ గోరుటీన్‌ను (గో భాషలోని తేలికపాటి పని) మధ్యలో ఇంకో థ్రెడ్ మీదికి మార్చేస్తే, చదివేది వేరే నేమ్‌స్పేస్‌లో జరుగుతుంది. లోపలికి వెళ్లే ముందు లాక్ఓఎస్‌థ్రెడ్ పిలవండి. పని అయ్యాక పాత నేమ్‌స్పేస్‌లోకి తిరిగి రాగలిగితేనే అన్‌లాక్ చేయండి. రాలేకపోతే అన్‌లాక్ చేయకుండా గోరుటీన్‌ను ముగించేయండి; గో 1.10 నుంచి రన్‌టైమ్ ఆ థ్రెడ్‌ను కూడా ముగించేస్తుంది, మైలపడ్డ థ్రెడ్ మళ్లీ వాడుకలోకి రాదు. మౌంట్ నేమ్‌స్పేస్‌కైతే ఇదీ చాలదు: థ్రెడ్లన్నీ ఒకే ఫైల్‌సిస్టమ్ వివరాలను పంచుకుంటున్నంత కాలం కెర్నెల్ ఒప్పుకోదు. ముందు ఆ థ్రెడ్‌ను అన్‌షేర్‌తో విడదీయాలి, లేదా ఆ పనికి చిన్న ప్రాసెస్‌ను విడిగా నడపాలి.